గృహారోగ్యము: మూత్రపిండములు, వాని పని



గడచిన మాసమున హృదయమును గూర్చి ముచ్చటించుకొంటిమి. హృదయమన్నచో కవులకు ప్రీతి, భక్తులకు ప్రీతి. దానిని గూర్చి వ్రాయుటకు నాకు సంకోచమేమియు కలుగలేదు. ఈ మాసమున వ్రాయబూనిన విషయమట్టిది కాదు. మూత్రమను మాటను నలుగురిలో నుచ్చరించుటకే మనము సిగ్గుపడుదుము. పిల్లలకు దానికొక మారుపేరు నేర్పుదుము. వైద్యునియొద్దకు పోయినప్పుడు సైతము అసలు బాధను దాచి, కడుపునొప్పి యని చెప్పి మందు తెచ్చుకొందుము. ఈ సిగ్గువలన గలుగు కీడు నొకదానిని కన్నులార చూచితిని గనుకనే సంకోచము విడిచి యీ వ్యాసమును వ్రాయుచున్నాను. ఆ సంగతి తగిన చోట మనవి చేసెదను. ముందుగా నీ యవయవములెట్టివో, ఏమి పని చేయుచున్నవో తెలిసికొందము. తెలియనిదే జాగ్రత్త పడలేము గదా!

ఉనికి, రూపము

నడుమునకు కొంచెము పైగా, వెన్నెముక కిరుప్రక్కల, కడపటి ప్రక్కటెముకల చాటున మనకు రెండు మూత్రపిండములు గలవు. మన ప్రాచీన వైద్యులు వీనిని వృక్కములనిరి. నేడు పల్లెలలో గూడ కిడ్నీలనియే వాడుక. ఆకారమున చిక్కుడుగింజను పోలియుండును. ఒక్కొక్కటి పిడికిలియంత యుండును. పొడవు సుమారు 10 మొదలు 12 సెంటీమీటర్లు, బరువు సుమారు 150 గ్రాములు. కుడివైపున కాలేయము పెద్దదిగా నుండుటచే ఆ వైపు మూత్రపిండము రెండవదానికంటె నించుక క్రిందుగా నుండును. ఇవి పొత్తికడుపులో నున్నవని మనలో పలువురనుకొందురు. అది పొరపాటు. పొత్తికడుపులో నుండునది మూత్రాశయము. మూత్రము పుట్టుచోటు వేరు, నిలువయుండు చోటు వేరు. ఈ భేదమును గుర్తుంచుకొన్నచో మీకు నొప్పి వచ్చినప్పుడు ఎచ్చట వచ్చినదో వైద్యునకు సరిగా చెప్పగలరు.

ఈ రెండింటి బరువును కలిపి చూచినను శరీరపు బరువులో నూటికొక పాలైనను కాదు. అయినను హృదయము నిమిషమునకు పంపు సుమారు 5 లీటర్ల రక్తములో నొక లీటరునకు పైగా వీనికే పోవును. ఇంత చిన్న యవయవములకు ఇంత రక్తమేల? అవి తమకొరకు తీసికొనుట లేదు, కడుగుటకు తీసికొనుచున్నవి.

ఒక్కొక్క మూత్రపిండములో సుమారు పదిలక్షల సూక్ష్మయంత్రములు గలవు. వీనికి నెఫ్రానులని పేరు. ఒక్కొక్క నెఫ్రానులో వెండ్రుకకంటె సన్నని రక్తనాళముల ముద్ద యొకటి, దానిని పొదివికొని గిన్నెవంటి పొర యొకటి, ఆ గిన్నె యడుగునుండి మెలికలు తిరుగుచు సాగు సన్నని గొట్టమొకటి యుండును. ఆ నాళముల ముద్దలను 1666లో ఇటలీ దేశపు పండితుడు మాల్పీఘీ సూక్ష్మదర్శినితో చూచి వర్ణించెను. ఆ గిన్నెకును గొట్టమునకును గల సంబంధమును 1842లో ఇంగ్లండున బౌమను స్పష్టముగా నిరూపించెను. కంటికగపడని యీ గొట్టములలోనే మన ప్రాణము నిలుచుటకు వలసిన పని యహోరాత్రములు సాగుచున్నది.

పని జరుగు విధము

సంక్రాంతికి ముందు మనమిల్లు దులుపు విధమును తలచుకొనుడు. ఇంటిలోని చెత్తను మాత్రమే యేరి పారవేయుదమన్నచో అది కుదరని పని. ఏ మూల నేమున్నదో తెలియదు. అందుచే ముందు సామానంతయు పెరటిలోనికి చేరవేయుదుము. ఇల్లు కడిగి సున్నము వేసిన తరువాత కావలసిన వస్తువులను మాత్రము మరల లోనికి తెచ్చి, అక్కరలేని వానిని బయటనే విడిచివేయుదుము. మూత్రపిండములు చేయునది సరిగా నిదియే. అవి చెత్తను వెదకవు. మంచిచెడ్డలను కలిపి యొక్కమారు బయటికి పంపి, మంచిదానిని మరల లోనికి తెచ్చుకొనును.

మొదట జరుగునది వడపోత. నాళముల ముద్దలోనికి రక్తము వేగముగా వచ్చును. ఆ యొత్తిడికి నీరును, అందు కరగియున్న ఉప్పు, చక్కెర, యూరియా మొదలగునవియు గిన్నెలోనికి దిగును. రక్తకణములును, మాంసకృత్తులును పెద్దవగుటచే దిగజాలక రక్తములోనే నిలుచును. గంజి వార్చునప్పుడు మెతుకులు లోపల నిలిచి గంజి మాత్రమే దిగినట్లనుకొనుడు. ఈ విధముగా దినమునకు వడిగట్టబడు ద్రవము సుమారు 180 లీటర్లు. పండ్రెండు లీటర్లు పట్టు బిందెతో కొలిచినచో పదునైదు బిందెలు! శరీరమందలి రక్తములో కణములు పోగా మిగులు ద్రవము 3 లీటర్లకు మించదు గనుక, ఆ మూడు లీటర్లనే దినమునకు అరువదిమార్లు కడుగుచున్నవన్నమాట.

ఆ పదునైదు బిందెల నీరును పోయినచో మనము పూటయైనను బ్రతుకము. అందుచే రెండవ పని ప్రారంభమగును. ఆ ద్రవము గొట్టములో ప్రవహించుచుండగా, గొట్టపు గోడలు దానిలోని చక్కెరనంతటిని, మాంసకృత్తుల యంశములను, వలసినంత ఉప్పును, నీటిని పీల్చి రక్తమునకు తిరిగి యిచ్చివేయును. నూటికి తొంబదితొమ్మిది పాళ్లు ఈ రీతిగా వెనుకకు వచ్చును. మిగిలిన యొక పాలు, అనగా లీటరు మొదలు రెండు లీటర్ల వరకు, మూత్రమగును. ఇదిగాక, వడపోతలో దిగని కొన్ని మందులను, మిగులు ఆమ్లములను ఆ గోడలే రక్తమునుండి లాగి గొట్టములోనికి త్రోసివేయును. ఇది మూడవ పని.

ఎంత నీరు విడువవలెననునది దినమున కొకరీతిగా నుండును. మెదడు క్రిందనుండు పిట్యూటరీ యను చిన్న గ్రంథి రక్తము చిక్కబడినదని యెరింగి యొక రసమును పంపును. ఆ రసము వచ్చినచో గొట్టములు నీటిని గట్టిగా పట్టుకొనును, రానిచో విడుచును. ఎండలో తిరిగి వచ్చిన దినమున మూత్రము కొద్దిగా, ముదురు పసుపుగా నుండుటకు కారణమిదియే. రంగు పదార్థము హెచ్చలేదు. దానిని కలుపు నీరు తగ్గినది. కావున మూత్రపు రంగు మన శరీరము వ్రాసి పంపు చీటివంటిది. లేత గడ్డిరంగున నున్నచో నీరు చాలినదనియు, ముదురుగా నున్నచో చాలలేదనియు చదువుకొనవలెను.

ఇక ఆ విడిచిపెట్టు మలినములెట్టివి? పప్పు, పాలు, మాంసము మొదలగు వానిలోని మాంసకృత్తులు శరీరమునకుపయోగపడిన పిమ్మట అమోనియా యను విషము మిగులును. కాలేయము దానిని యూరియాగా మార్చును. మూత్రపిండములు దానిని బయటికి పంపును. రెండవది క్రియాటినిన్. ఇది కండరములలో పుట్టును. వైద్యులు రక్తము తీసి ‘క్రియాటినిన్ ఎంత?’ అని చూచుట మీరు వినియేయుందురు. మూత్రపిండములు సరిగా కడుగుచున్నచో నది తక్కువగా నుండును. పని మందగించినచో రక్తములో పేరుకొనును. ఈ పదార్థమునకు మన తెలుగువారితో నొక సంబంధమున్నది. భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో ఫిస్కె యను ఆచార్యునితో కలిసి కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును 1927లో కనుగొని ప్రకటించిరి. అది చివికి మిగులునదియే యీ క్రియాటినిన్.

మలినములు కడుగుటతోనే వీని పని తీరలేదు. రక్తపుటొత్తిడిని సరిపెట్టుట వీని యధీనమున నున్నది. ఎముకల మూలుగకు ఎర్రకణములు పుట్టింపుమని యాజ్ఞ పంపునది వీని రసమే. ఎండవలన చర్మమున పుట్టిన డి విటమినునకు తుది మెరుగు పెట్టి, ఎముకలకు పనికివచ్చునట్లు చేయునవి యివియే. కావుననే మూత్రపిండములు చెడినవారికి రక్తపుటొత్తిడి హెచ్చును, రక్తము పలుచబడును, ఎముకలు బలహీనమగును. అట్టివారికి ఇనుపమాత్రలు మాత్రమే యిచ్చి పాండురోగము నయము కాలేదేమని వగచుట తరచు చూచుచున్నాము.

మూత్రము పోవు త్రోవ

పుట్టిన మూత్రము రెండు సన్నని నాళములద్వారా బొట్టుబొట్టుగా మూత్రాశయమునకు దిగును. ఈ నాళములు ఒక్కొక్కటి సుమారు 25 మొదలు 30 సెంటీమీటర్ల పొడవుండును. ఊరక కాలువవలె పారుట కాదు; నాళపు గోడలు అలలవలె ముడుచుకొనుచు క్రిందికి నెట్టుచుండును. అందుచే మనము పండుకొన్నను మూత్రము దిగుట యాగదు. ఆ నాళమున రాయి యొకటి యడ్డుపడినచో, ఈ అలలు దానిని నెట్టజూచుటచేతనే ప్రాణము పోవునంతటి నొప్పి నడుమునుండి గజ్జలవరకు పుట్టును.

మూత్రాశయము సాగు గుణము గల సంచి. అందు 150 మిల్లీలీటర్లకు పైగా చేరునప్పటికి మొదటి పిలుపు వచ్చును. 400, 500 అగునప్పటికి ఇక నిలువలేము. దాని ద్వారమునకు రెండు కావళ్లు. లోపలి కావలి మన యాజ్ఞ వినదు. వెలుపలి కావలి వినును. పసిబిడ్డలకు వెలుపలి కావలి యింకను వశపడదు గనుక పక్క తడుపుదురు. వారిని కొట్టి యేమి లాభము? ముసలితనమున, కాన్పుల తరువాత ఆ కండరములు సడలి తుమ్మినను దగ్గినను చుక్క జారుట గలదు. ఇది సిగ్గుపడవలసినది కాదు. ఆ కండరములను బిగించి వదలు నభ్యాసము నేర్చుకొన్నచో పలువురకు గుణమిచ్చును. ఆ యభ్యాసమును వైద్యురాలినడిగి నేర్చుకొనుడు.

ఇచ్చట స్త్రీలు ముఖ్యముగా తెలిసికొనవలసిన సంగతి యొకటి గలదు. మూత్రాశయమునుండి వెలుపలికి వచ్చు మార్గము పురుషులకు సుమారు 20 సెంటీమీటర్లుండగా, మనకు 4 సెంటీమీటర్లు మాత్రమే. మలద్వారమును దానికి చేరువలోనే యున్నది. అందుచే క్రిములు లోనికెక్కుట మనకు మిక్కిలి సులభము. మంట, మాటిమాటికి పోవలెననిపించుట, పోయినను తీరకపోవుట, పొత్తికడుపున నొప్పి యను బాధలు స్త్రీలకే యేల యెక్కువయని యడుగువారికి ఇదియే సమాధానము. వేడి చేసినదని మజ్జిగ త్రాగి యూరకుండుట కాదు.

నేను చూచిన సంగతి

మా యిల్లు మావారు పనిచేయు పాఠశాలకు కూతవేటు దూరమున నున్నది. నిరుడు వేసవి సెలవులు గడచిన కొన్నాళ్లకు, ఎనిమిదవ తరగతి చదువు బాలిక యొకతె మధ్యాహ్నవేళ మా పెరటితలుపు తట్టి, “అమ్మగారూ, ఒక్కసారి మీ దొడ్లోకి వెళ్లి రానా?” యని యడిగెను. ఆనాడు మా మామగారి తద్దినము. నేను మడిగట్టుకొని వంటలో నుంటిని. “బడిలో లేదా?” యని విసుగుకొని తలుపు వేసికొంటిని. ఆ పిల్ల మరల రాలేదు.

బడిలో మరుగుదొడ్డి లేకపోలేదు. ఉన్నదన్న మాటయే గాని నీరు లేదు, తలుపునకు గడియ లేదు. నెల తిరుగకమునుపే ఆ పిల్ల జ్వరముతో మంచము పట్టినదని తెలిసినది. ఒడలెల్ల వణికించు చలి, వాంతులు, నడుమున కుడిప్రక్క తాకనీయని నొప్పి. మూడు దినములు విషజ్వరమని యింటివైద్యము చేసిరి. పిమ్మట పట్టణమునకు తీసికొనిపోగా, క్రిములు మూత్రాశయమునుండి మూత్రపిండమునకెక్కినవని వైద్యులు చెప్పి ఐదు దినములు ఆసుపత్రిలో నుంచి సూదిమందులిచ్చిరి. దైవకృప వలన పిల్ల దక్కినది.

నేను చూడబోయితిని. నన్ను చూచి యా పిల్ల లేవబోయినది. ఎట్లు జరిగినదమ్మాయని యడుగగా, “బడికి వచ్చేటప్పుడు నీళ్లు తాగనండి. ఇంటికి పోయేదాకా ఆపుకోవడం అలవాటే. మా తరగతిలో ఆడపిల్లలందరమూ అంతేనండి” యని చెప్పెను. తలుపు వేసికొన్న నన్నొక్కమాటయు ననలేదు. అన్నచో నాకు తేలికగా నుండెడిది.

నీరు తక్కువైనచో మూత్రము తక్కువగును. మూత్రము పారుచున్నంతసేపు లోనికెక్కిన క్రిములు కడిగివేయబడును. గంటలకొలది నిలువయున్నచో అవి పెరుగుటకు తావు దొరకును. నిలిచిన నీట పాచి పట్టుట మనమెరుగనిది కాదు. చరకసంహిత సూత్రస్థానమున ఏడవ యధ్యాయము ప్రకృతి వేగముల నిరోధింపరాదని చెప్పుచున్నది. అట్టి వేగములను పదుమూడింటిని చెప్పుచు, మూత్రమునే మొదట చెప్పిరి. చిన్ననాట మా తండ్రిగారియొద్ద నేనా భాగము చదివినదానను. అర్థము చెప్పి మెప్పు పొందినదానను. తలుపు తట్టిన పిల్లకు మాత్రము ఆ యర్థము చెప్పలేకపోయితిని.

ఆ రాత్రి మావారితో నంతయు చెప్పితిని. వారు చాలసేపు పలుకక, “పదునాలుగేండ్లుగా ఈ బడిలో లెక్కలు చెప్పుచున్నాను. ఎవ్వరును నాతో ననలేదు” అనిరి. ఆడపిల్లలు మగ ఉపాధ్యాయునితో నీ మాట యెట్లనగలరు?

మనము చేయదగినవి

మంచినీరు కొద్దికొద్దిగా దినమంతయు త్రాగవలెను. ఎండకాలమున, పొయ్యికడ నిలుచువారు, పాలిచ్చు తల్లులు మరికొంత యెక్కువ త్రాగవలెను. హృదయరోగము గాని మూత్రపిండరోగము గాని యున్నవారు మాత్రము వైద్యుడు చెప్పిన కొలతను మీరరాదు. పెండ్లిండ్లకు, ప్రయాణములకు పోవునప్పుడు నీరు మానుట మనకందరకు నలవాటు; దానిని విడువవలెను. కాలకృత్యమునకు పోయినప్పుడు ముందునుండి వెనుకకు శుభ్రపరచుకొనవలెనేగాని వెనుకనుండి ముందునకు కాదు. ఈ యొక్క మాటను ఆడపిల్లలకు చిన్ననాడే నేర్పవలెను. దాంపత్యానంతరము మూత్రవిసర్జన చేయుట మేలు. నెలసరి దినములలో గుడ్డలను సకాలమున మార్చుకొని, ఉతికి, ఎండలో నారవేయవలెను. చాటున చీకటిలో కాదు.

మంట మొదలైనప్పుడే మూత్రపరీక్ష చేయించుకొనుడు. మందు మొదలిడిన రెండవనాడే గుణము కనిపించును. అయినను చెప్పినన్ని దినములు పూర్తిగా వాడవలెను. చలితో జ్వరమును, నడుము ప్రక్కను నొప్పియు కలిసి వచ్చినచో ఆ దినమే వైద్యునియొద్దకు పోవలెను. గర్భిణులకు ఏ బాధయు లేకున్నను మూత్రపరీక్ష యావశ్యకము; క్రిములు బాధ తెలియనీయకయే యుండవచ్చును. గర్భిణికి రక్తపుటొత్తిడి హెచ్చి, మూత్రములో మాంసకృత్తు పోవుచున్నచో నది తల్లికిని బిడ్డకును ప్రాణాపాయము తెచ్చు వ్యాధి. ముఖము, చేతులు ఉబ్బుట, విడువని తలనొప్పి, చూపు మసకలగుట కనబడినచో తెల్లవారువరకు వేచియుండరాదు.

ఉప్పు దినమునకు మనిషికి 5 గ్రాములకు, అనగా సుమారొక చెంచాకు, మించరాదని ప్రపంచారోగ్యసంస్థవారి మాట. ఆవకాయ, అప్పడము, ఊరమిరపకాయ ముచ్చటగా వడ్డించు మన యిండ్లలో ఆ చెంచా యెప్పుడు దాటునో తెలియదు. రాళ్లు పడువారు నీరెక్కువగా త్రాగి ఉప్పు తగ్గింపవలెను. పాలు, పెరుగు మానివేయుట మేలనుకొనుట పొరపాటు.

నొప్పిమాత్రల సంగతి వేరుగా చెప్పవలెను. మా యత్తగారు మోకాళ్లనొప్పికి అంగడిలో కొన్న మాత్రలను ఏడాదిపాటు తాంబూలమువలె దినదినము వేసికొనిరి. పరీక్షించగా క్రియాటినిన్ పెరిగియున్నది. మానిపించిన తరువాత దిగినది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి మూత్రపిండములకు రక్తము తగ్గించును. వైద్యుడు చెప్పక వానిని దీర్ఘకాలము వాడరాదు. ఏమి కలిసినదో తెలియని భస్మములును అట్టివే. కొన్నిటిలో సీసము, పాదరసము బయటపడుట గలదు.

చడిచప్పుడు లేని వ్యాధి

మూత్రపిండములు మిక్కిలి యోర్పు గలవి. ఒకటి లేకున్నను రెండవది సంసారము నీడ్చును. ఈ యోర్పే మనకు మోసము తెచ్చుచున్నది. పనిలో సగమునకు పైగా నశించువరకు మనకు తెలియకపోవచ్చును. తెల్లవారి లేచునప్పటికి కన్నుల చుట్టును ఉబ్బు, పాదముల వాపు, మూత్రములో విడువని నురుగు, ఆకలి లేమి, ఒడలి దురద కనబడునప్పటికి చాల కాలము గడచియుండును. ఈ నాశనమునకు మధుమేహమును, రక్తపుటొత్తిడియు ముఖ్యకారణములు. రక్తములో చక్కెర డెసిలీటరునకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటినచో గొట్టములు దానిని పూర్తిగా వెనుకకు తేలేవు; అది మూత్రములో పోవును. ఆ మూత్రమునకు చీమలు పట్టునని మన ప్రాచీనులు గుర్తించియుండిరి. ఈ రెండు రోగములున్నవారు ఏటేట మూత్రములో ఆల్బుమిను, రక్తములో క్రియాటినిన్ చూపించుకొనవలెను.

ఈ రెండును లేనివారికి గూడ ఈ వ్యాధి వచ్చు ప్రాంతము మన తెలుగునాట నొకటి గలదు. శ్రీకాకుళము జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మొదలగు మండలములు గల ఉద్దానమది. కొబ్బరి, జీడిమామిడి తోటలతో కన్నుల పండువుగా నుండు ఆ సీమలో ఎందరో కూలివారు మూత్రపిండవ్యాధికి గురియైరి. సింహళమున, మధ్య అమెరికాలో సేద్యము చేయువారియందును ఇట్టి వ్యాధి గలదు. నీరు, వేడి, శ్రమ, మందులు మొదలగు వానిని గూర్చి పరిశోధనలు జరిగినను ఉద్దానపు వ్యాధికి మూలము నేటికిని నిశ్చయముగా తేలలేదు. పలాసలో 2023లో ఇందుకొరకు 200 పడకల వైద్యశాల యేర్పడినది.

మూత్రపిండములు పూర్తిగా ఆగినచో రక్తమును యంత్రముతో కడుగుదురు. ఇదియే డయాలిసిస్. హాలండులో కోల్ఫ్ అను వైద్యుడు, 1943లో, దేశము శత్రువుల వశమందున్న దినములలో, మాంసపు చుట్టలకు వాడు సెల్లొఫేను గొట్టమును కొయ్య పీపాకు చుట్టి మొదటి యంత్రమును చేసెను. మొదటి రోగులలో పెక్కుమంది దక్కలేదు. 1945లో 67 ఏండ్ల స్త్రీ యొకతె బ్రతికినది. నేడు సాధారణముగా వారమునకు మూడుమార్లు, మారునకు నాలుగు గంటలు యంత్రమునకు కట్టుబడి యుండవలెను. అట్టివారికి కొబ్బరినీరు, పండ్లరసములు ప్రీతితో నీయరాదు. అందలి పొటాషియము బయటికి పోవు త్రోవ లేక గుండెను నిలిపివేయగలదు.

మరియొకరి మూత్రపిండమును అమర్చుట రెండవ మార్గము. 1954లో బోస్టనున కవల సోదరులలో నొకడు రెండవవానికిచ్చుటతో నిది మొదటిమారు సఫలమయ్యెను. మన దేశమున 1994 చట్టము వీని క్రయవిక్రయములను నేరముగా నిర్ణయించినది. బ్రతికియుండి దానము చేయువారిలో మన దేశమున స్త్రీలే యధికులు. పుచ్చుకొనువారిలో పురుషులే యధికులు. తల్లియు భార్యయు ఇచ్చుట గొప్ప త్యాగమే; కాదనను. కాని ఆమెకు రోగము వచ్చినప్పుడు ఇచ్చువారెవరని యొక్క క్షణమాలోచింపవలసియున్నది. అడిగినచో ఇచ్చుట, అడుగకయే తీసికొనుట, ఈ రెండును ఒక్కటి కావు.

సోదరీమణులారా, బడి సంగతి ముగించి సెలవు తీసికొందును. మావారు తోటి ఉపాధ్యాయులతో చెప్పి తలుపునకు గడియ పెట్టించిరి. నీటికి పీపా యొకటి యుంచిరి. కొళాయి యింకను రాలేదు. అది వచ్చువరకు మధ్యాహ్నవేళ మా పెరటితలుపునకు గడియ వేయుట లేదు. మొదట మా యత్తగారు గొణిగిరి. ఇప్పుడు పిల్లలు వచ్చువేళకు తొట్టిలో నీరు నిండినదో లేదోయని చూచువారు వారే.

మీ యింట బడికి పోవు బాలిక యున్నచో ఈ సాయంకాలమే ఆమెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, “బడిలో నీళ్లు తాగుచున్నావా?” యని మెల్లగా నడుగుడు. ఆమె తలవంచుకొన్నచో, మరునాడు మీరే స్వయముగా పోయి చూచి రండు.

వచ్చు మాసమున కాలేయమును గూర్చి ముచ్చటించుకొందము.